వీరభద్రుని పాదాల దగ్గర ఇద్దరన్నదమ్ములు

తుమ్మలపల్లె నుంచి లేపాక్షికి పోవాలంటే పులివెందుల, కదిరి, గోరంట్ల దాటి హిందూపురం వైపు తిరగాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్లకూ పులివెందుల మీదుగా అదే దారి. బండి దిగినవాళ్లు మొదట నంది దగ్గర ఆగుతారు. ఇరవయ్యేడు అడుగుల పొడవు, పదిహేను అడుగుల ఎత్తున్న ఏకశిల అది, ఆగకుండా ఎవరూ పోలేరు. తర్వాత వీరభద్రుని గుళ్లోకి వచ్చి వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి ఇవతలికి లాగుతారు. ఏడు పడగల నాగలింగం ముందు ఫొటో దిగుతారు. గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపించి, గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి విసిరికొట్టిన చోటు ఇదేనని పిల్లలకు చెబుతారు. గంటలో అంతా ముగుస్తుంది. ఆ గంటలో తలెత్తి మండపం కప్పును చూసేవాళ్లు తక్కువ. చూసినా ఏవో పాత బొమ్మలని దాటిపోతారు.

పైన ఉన్నవి ఏవో బొమ్మలు కావు. తెలుగు నేల మీద మిగిలిన 16వ శతాబ్దపు చిత్రశాలల్లో అంత పెద్దది, అంత నిండైనది మరొకటి లేదు. ఇటలీలో ఒక దేవుడి పటం ముందు పుస్తకం పట్టుకుని ఒక పూటంతా కూర్చునే విద్యార్థి ఎంత శ్రద్ధ పెడతాడో, ఈ కప్పుకు అంత శ్రద్ధ దక్కాలి. ఇది అభిమానం కొద్దీ అనే మాట కాదు. ఆ పటాలూ ఈ కప్పూ ఒకే కాలానివి. వాటిని వేయించిన మనుషుల కోరికలు కూడా ఒకదానికొకటి చాలా దగ్గర.

కాలం సంగతి ముందు. రోములో సిస్టీన్ చాపెల్ కప్పు మీద మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా బొమ్మలు వేశాడు. కృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కింది 1509లో. రాయల తర్వాత తమ్ముడు అచ్యుతదేవరాయలు 1529 నుంచి 1542 దాకా ఏలాడు. అదే చాపెల్ గోడ మీద మైకెలాంజెలో ‘అంతిమ తీర్పు’ చిత్రాన్ని 1536లో మొదలుపెట్టి 1541లో ముగించాడు. లేపాక్షి వీరభద్రాలయానికి మాన్యాలు రాయించిన శాసనాలు ఆ 1530లవే. రోములో ఒక ముసలి శిల్పి పరంజా ఎక్కి గోడకు రంగులు పూస్తున్న ఏళ్లలోనే లేపాక్షి గుడి ఉన్న కూర్మశైలం మీద పేరు తెలియని చిత్రకారులు పరంజా ఎక్కి రాతిపలకలకు సున్నం పట్టిస్తున్నారు.

ఈ రెండు లోకాలకూ మధ్య రాకపోకలు లేకపోలేదు. గోవాలో దిగిన పోర్చుగీసువాళ్లు గుర్రాలు అమ్ముకోవడానికి విజయనగరం వచ్చేవారు. వాళ్లలో 1520 ప్రాంతంలో వచ్చిన డొమింగో పాయెస్ రాజమందిరంలో ఒక గోడను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నాడు. ఆ నగరానికి వచ్చిపోయిన రకరకాల మనుషుల బతుకులు ఆ గోడ మీద చిత్రించి ఉన్నాయని, వాటిలో పోర్చుగీసువాళ్లు కూడా ఉన్నారని, గుడ్డివాళ్లను, బిచ్చగాళ్లను కూడా వదల్లేదని రాశాడు. ఏ దేశంవాళ్లు ఎలా బతుకుతారో రాణులకు తెలియడానికట. ఆ మందిరం ఇప్పుడు లేదు. 1565 యుద్ధం తర్వాత హంపీ శిథిలమైంది, కొలువు పెనుకొండకు కదిలింది. అంతఃపురపు గోడ మీద విజయనగర చిత్రకారులు ఏం చేయగలిగారో ఊహించడానికి మనకు మిగిలిన మంచి ఆధారాల్లో ముఖ్యమైనది, ఆ పెనుకొండకు దగ్గరలోనే ఉన్న లేపాక్షి.

పెనుకొండ పేరు ప్రొద్దుటూరువాళ్లకు మరో దారిన కూడా దగ్గరే. పుట్టపర్తి నారాయణాచార్యులు పెరిగింది ఆ కొండ కింద. పిన్న వయసులోనే ఆ శిథిల వైభవం మీద ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే తన పుస్తకమే తనకు పాఠ్యగ్రంథమైందని చెప్పుకుంటారు. ‘శివతాండవం’ కవిగా ఆయన స్థిరపడింది ప్రొద్దుటూరులో. కమలాపురం దగ్గరి కోకటం, రాయలు అల్లసాని పెద్దనకిచ్చిన అగ్రహారం. కడప జిల్లా విజయనగర సామ్రాజ్యానికి అంచున పడి ఉన్న సీమ కాదు, దాని కడుపులోని సీమ. లేపాక్షి కప్పు మీది మనుషులు ఈ సీమకు పరాయివాళ్లు కారు.

ఇక ఆ కప్పు కింద నిలబడాలి.

నాట్యమండపం దాటి అర్ధమండపంలోకి అడుగుపెడితే నెత్తిమీద వీరభద్రుడు. దాదాపు ఇరవైనాలుగు అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పున కప్పంతా ఆయనే. ఒకే దేవుడి రూపాన్ని అంత పెద్దగా వేసిన చిత్రం ఆసియాలో మరొకటి లేదని చెప్పడం వాడుక. ఆ పెద్దరికంలో తప్పిపోకుండా చూపును పాదాల దాకా దించాలి. అక్కడ, దేవుడికి రెండు పక్కలా, చిన్నచిన్నగా కనిపించేవాళ్లే గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ. నంది లక్కిశెట్టి, ముద్దమాంబల కొడుకులు. అచ్యుతదేవరాయల కొలువులో పెనుకొండ సీమ వ్యవహారాలు చూసినవాళ్లు. మరోచోట వాళ్లిద్దరూ పరివారంతో కూడా కనిపిస్తారు. ఖర్చు పెట్టినవాడు దేవుడి బొమ్మలో తనకూ కొంచెం చోటు అడిగాడు. భక్తి, పేరు మీద ఆశ అక్కడ విడదీయరానంతగా కలిసిపోయాయి.

ఈ ఆశ ఇటలీలోనూ ఉంది. ఫ్లారెన్స్‌లోని సాంతా మరియా నొవెల్లా చర్చి గోడ మీద మసాచియో 1427 ప్రాంతంలో వేసిన ‘త్రిత్వం’ చిత్రంలో శిలువ మీద క్రీస్తు, ఆయన వెనక తండ్రి, కింద ఇరుపక్కలా మోకాళ్ల మీద ఉన్న భార్యాభర్తలు. ఆ చిత్రానికి సొమ్ము పెట్టినవాళ్లు వాళ్లే. వెనిస్‌లోని ఫ్రారీ చర్చిలో టిషియన్ 1526లో పూర్తిచేసిన మేరీమాత చిత్రంలో పెసారో కుటుంబమంతా మోకరిల్లి ఉంటుంది. ఒక కుర్రవాడు మాత్రం దేవత వైపు కాక చూసేవాళ్ల వైపు మొహం తిప్పి ఉంటాడు. మూడేళ్లలో అచ్యుతరాయలు రాజవుతాడనగా ఆరిన రంగులవి.

పోలిక ఇంతవరకే. మసాచియో దంపతులు పవిత్రమూర్తులతో సమానమైన కొలతలో ఉన్నారు. పెసారోలూ అంతే. మనిషిని కొలబద్దగా తీసుకున్న చిత్రకళ అది. లేపాక్షి చిత్రకారుడు ఆ పని చేయలేదు. కట్టించినవాడు ఎంతటి అధికారి అయినా దేవుడి ముందు ఎంత కనిపించాలో అంతే కనిపించాడు. దీన్ని చేతకానితనం అనుకునేవాళ్లు పక్కనే ఉన్న ఇతర పలకలు చూడాలి. అక్కడ మనుషులను మనుషులుగా, ఒకరి భుజం వెనక ఒకరుగా, మాటల్లో మునిగినవాళ్లుగా వేసిన చెయ్యి అదే. పాదాల దగ్గర చిన్నగా వేయడం తెలిసి చేసిన నిర్ణయం.

ఇంకో తేడా కూడా ఉంది. టిషియన్ పేరు ప్రపంచమంతా తెలుసు. లేపాక్షిలో వేయించినవారి రూపం ఉంది, వేసినవారి పేరు లేదు.

పని జరిగిన తీరు దగ్గర కాసేపు ఆగాలి. ఇటలీలో గోడ చిత్రానికి పచ్చి గార మీద రంగు పూస్తారు. సున్నం ఆరేలోపు ఆ రంగు దానిలో ఇంకి రాయితో పాటు రాయి అవుతుంది. అందుకే ఏ రోజు ఎంత వేయగలరో అంత గారే ఆ రోజు పూస్తారు. దగ్గరికెళ్లి చూస్తే ఒక రోజు పనికీ మరో రోజు పనికీ మధ్య అతుకు కనిపిస్తుంది. లేపాక్షిలో రాతిపలక మీద సున్నపు గార పట్టించి, ఆరనిచ్చి, ఆ ఆరిన నేల మీద బంక కలిపిన రంగులు వేశారు. తొందర లేదు, గీతను మళ్లీ మళ్లీ దిద్దుకునే వీలుంది. కానీ రంగు పైపైనే నిలుస్తుంది. తడి తగిలితే, గార కదిలితే పెచ్చులుగా రాలుతుంది. ఇవాళ కప్పు మీద కథ నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా బోడి రాయి కనిపించే చోట్లకు ఒక కారణం ఈ పద్ధతే.

దక్షిణాదిలో ఈ విద్య నోటిమాటగానే లేదు. పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన ‘మానసోల్లాసం’లో గోడను నున్నగా చేయడం, తోలు ఉడికించి వజ్రలేపం అనే బంక తీయడం, కుంచెలు కట్టడం, రంగులు నూరడం వివరంగా ఉన్నాయి. లేపాక్షి రంగులు కూడా చాలావరకు మట్టి నుంచి, రాయి నుంచి వచ్చినవే. ఎరుపు, పసుపు కావిరాళ్లు, సున్నపు తెలుపు, మసి నలుపు, ఒక రకం ఆకుపచ్చ. కప్పంతా పరుచుకున్న ఆ నారింజ-ఎరుపు ఛాయ, సీమ పల్లెల్లో పండగకు గోడ అడుగున పూసే జాజు లాంటిది. చూసిన కంటికి వెంటనే ఇంటి రంగనిపిస్తుంది.

నీలం మాత్రం చాలా అరుదు. ఐరోపాలో ఇందుకు పూర్తిగా ఎదురు. మేరీమాత పైవస్త్రానికి వాడే నీలాన్ని ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి వచ్చే లాజవర్దు రాయిని నూరి తీసేవారు. ఫ్లారెన్స్‌లో అనాథ పిల్లల ఆశ్రమం ఇన్నొచెంతీ కోసం గిర్లాండాయో 1485లో రాసుకున్న ఒప్పందంలో, ఔన్సుకు నాలుగు ఫ్లోరిన్ల విలువ చేసే నీలమే వాడాలని షరతు ఉంది. ఎంత భక్తి ఉందో రంగు ధరలో కనిపించాలని వేయించినవాళ్లు కోరారు. లేపాక్షి అన్నదమ్ములు తమ ఖర్చును రాయిలో, కొలతలో, మండపాల వరసలో చూపించారు. తర్వాతి శతాబ్దాల్లో కడప నీలిమందు విదేశాలకు ఎగుమతి అయ్యేంత పేరు తెచ్చుకుంది. ఆ సీమ పొరుగునే ఉన్న ఈ గొప్ప చిత్రాల్లో నీలానికి అంత తక్కువ చోటుండటం ఆలోచింపజేసే విషయం.

కప్పులోని కథలకు రాతిదూలాలే హద్దులు. రెండు దూలాల మధ్య పలక పొడవునా బొమ్మ పట్టీలా సాగుతుంది, నడుస్తూ చదువుకోవాలి. ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం, శ్రీరామ పట్టాభిషేకం, మర్రాకు మీద శయనించిన బాలకృష్ణుడు, పాచికలాడే శివపార్వతులు. అన్నిటిలోకీ ప్రాణమున్నది కిరాతార్జునీయం. అర్జునుడి తపస్సు దగ్గర మొదలై, వేటగాడుగా శివుడు, వేటకత్తెగా పార్వతి, అడవిపంది, బాణాలు, పోట్లాట, చివరికి పాశుపతం దాకా ఒకదాని పక్కన ఒకటిగా నడుస్తుంది. ఒకే పట్టీలో అర్జునుడు మళ్లీ మళ్లీ వస్తాడు. దీన్ని చూసి గందరగోళపడేవాళ్లు ఉన్నారు. ఫ్లారెన్స్‌లో బ్రాంకాచీ చాపెల్‌లోని మసాచియో ‘పన్ను సొమ్ము’ చిత్రంలో కూడా సెయింట్ పీటర్ ఒకే దృశ్యంలో మూడుసార్లు కనిపిస్తాడు. కథ చెప్పాలనుకున్న చిత్రకారులు రెండు చోట్లా ఒకే ఉపాయం పట్టారు.

ఆ అడవిపందిని ప్రత్యేకంగా చూడాలి. దాని వీపు మీది ఒక్క గీతలోనే బరువు, కోపం, పరుగు అన్నీ ఉన్నాయి. వెలుగునీడలు లేవు, లోతు కోసం చేసిన ప్రయత్నం లేదు. ఉన్నది గీత. కింద నడిచే మనిషికి, దీపపు వెలుగులో, పది పదిహేను అడుగుల ఎత్తు నుంచి తెలియాల్సిన బొమ్మకు గట్టి నల్లగీతే ఆధారం. ఇటలీ చిత్రకారుడు గోడను కిటికీగా మార్చాలనుకున్నాడు. లేపాక్షివాడు కప్పును కప్పుగానే ఉంచి దాని మీద కథ పరిచాడు. ముఖాలు ఎక్కువగా పక్క నుంచి కనిపిస్తాయి. కోసుగా ముక్కు, పెద్ద కన్ను, ఒక పక్కకు వాలిన నిండు కొప్పు.

బట్టల దగ్గరికి వస్తే చరిత్రకారుడికి పండగే. ఆడవాళ్ల చీరల్లో చారలు, గళ్లు, పువ్వులు, వెడల్పాటి అంచులు, ఏ రెండూ ఒకటి కావు. మగవాళ్ల నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలు. విజయనగర కొలువుకు పోవాలంటే ఆ కుళ్ళాయి తప్పలేదని శ్రీనాథుడు 15వ శతాబ్దంలోనే ఒక చాటువులో మొరపెట్టుకున్నాడు. ఆ టోపీ ఎలా ఉండేదో తెలియాలంటే నిఘంటువు చాలదు, లేపాక్షి కప్పు చూడాలి. వీరణ్ణ విరూపణ్ణల పరివారంలో, రాజుల కొలువుల్లో అది వరసగా కనిపిస్తుంది. పురాణంలోని పాత్రలకు కూడా చిత్రకారుడు తన కాలపు బట్టలే తొడిగాడు. ఇటలీవాళ్లు బైబిల్ మనుషులకు ఫ్లారెన్స్ వర్తకుల దుస్తులు తొడిగినట్టే.

ఈ బట్టల సంగతి పుస్తకాల్లో ఆగిపోలేదు. ధర్మవరం నేతగాళ్లు తమ అంచులకు లేపాక్షిని మూలంగా చెప్పుకుంటారు. గుడిలోని లతామండపం స్తంభాల మీద చెక్కిన లతలు, గళ్లు చీరల అంచుల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. రాష్ట్ర హస్తకళల సంస్థ తన దుకాణాలకు పెట్టుకున్న పేరే లేపాక్షి. ప్రొద్దుటూరు మగ్గం మీద కూర్చున్నవారికి ఆ కప్పు నమూనాల ఖజానా. పడుగు పేకలు తెలిసిన కన్ను అక్కడ కళావిమర్శకుడు చూడలేనివి కూడా చూస్తుంది. అలాంటి కన్నున్నవాళ్లను పిలిచి ఆ చీరలను ఒక్కొక్కటిగా రాయించాల్సిన పని మిగిలే ఉంది.

దేవుడి బొమ్మ తన చోటు వదిలి పోవడం ఐరోపాలో మామూలైన కథ. రఫాయెల్ 1512 ప్రాంతంలో పియాచెంజా మఠం కోసం వేసిన మేరీమాతను 1754లో పోలండ్ రాజూ సాక్సనీ పాలకుడూ అయిన మూడో అగస్టస్ కొని డ్రెస్డెన్‌కు తీసుకుపోయాడు. వెనిస్‌లో సాన్ జార్జో మఠం భోజనశాల కోసం వెరొనీజ్ 1563లో ముగించిన ‘కానా పెళ్లివిందు’ను 1797లో నెపోలియన్ సైన్యం ముక్కలుగా కోసి పారిస్‌కు తరలించింది. దాదాపు పది మీటర్ల వెడల్పున్న ఆ గుడ్డ ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసాకు ఎదురుగా ఉంది. చూసేవాళ్లు లక్షలు, దాని కింద కూర్చుని అన్నం తినే సన్యాసులు లేరు.

మన సీమలో మూర్తులకు అంతకంటే కష్టమైన రోజులు వచ్చాయి. జమ్మలమడుగు పక్క గండికోటను మీర్ జుమ్లా గెలిచాక, 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అక్కడికి వచ్చాడు. మయ్యే అనే ఫ్రెంచివాడు మీర్ జుమ్లా కోసం ఫిరంగులు పోయడానికి గుళ్లలోని రాగి విగ్రహాలను పోగుచేయించాడని, వాటిలో గండికోట గుడివి ఆరు మాత్రం ఎంత కాల్చినా కరగలేదని రాశాడు. పూజారుల మంత్రమేనని వాళ్ల మీద మండిపడ్డారట. కరిగినవి ఎన్నో, వాటి రూపాలు ఎలాంటివో తెలుసుకునే దారి లేదు. కప్పుకు అంటిన బొమ్మను కరిగించి ఫిరంగి పోయలేరు. లేపాక్షి వీరభద్రుడు వేసిన చోటే, ఏ గర్భగుడి ముందు వేశారో ఆ గర్భగుడి ముందే ఉన్నాడు. కింద పూజ జరుగుతోంది. ఇది మ్యూజియంలో దొరకదు. దానికి ధర కూడా ఉంది: దీపాల మసి, వాన నీటి ఊట, గబ్బిలాలు, పేర్లు గీకే చేతులు.

చదువుకునేవాళ్ల కన్ను దీని మీద ఆలస్యంగా పడింది. స్టెల్లా క్రామ్రిష్ 1937లో దక్కన్ చిత్రకళ మీద వెలువరించిన గ్రంథంలో లేపాక్షికి చోటిచ్చింది. ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ 1969లో ఎ. గోపాలరావు ‘లేపాక్షి’ని అచ్చువేసింది. సి. శివరామమూర్తి విజయనగర చిత్రాల పుస్తకం 1985లో వచ్చింది. పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న ఈ గుడిని 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. వీటిలో ఎక్కువ పుస్తకాలు ఇంగ్లిషువి. పులివెందుల హైస్కూలు పిల్లవాడు చేతపట్టుకుని కప్పు కింద నిలబడి, పలక తర్వాత పలక చూసుకుంటూ పోయే తెలుగు మార్గదర్శిని తలుపు దగ్గరే అమ్మాలి. అది ఖర్చైన పని కాదు.

అప్పటిదాకా చూసే పద్ధతి ఒకటుంది. పొద్దున్నే, జనం రాకముందు వెళ్లాలి. మెడ నొప్పి పుట్టకుండా చేతిలో ఒక అద్దం పట్టుకుంటే కప్పు కిందికి దిగి వస్తుంది. ఫోను ఫ్లాష్ ఆపేయాలి. పిల్లలు వెంట ఉంటే మనునీతి చోళుడి కథతో మొదలుపెట్టడం మేలు. రాజకుమారుడి రథం కింద దూడ పడటం, ఆవు వచ్చి న్యాయగంట మోగించడం, రాజు తన కొడుకునే చక్రం కింద వేయమనడం, శివుడు ప్రత్యక్షమై అందరినీ బతికించడం: తమిళ సీమ తిరువారూరులో పుట్టిన కథ తెలుగు సీమలో కప్పెక్కింది. చెప్పేవాళ్లుంటే పిల్లలు దాన్ని బొమ్మల కథలా గబగబా చదువుతారు. తర్వాత కిరాతార్జునీయం, తర్వాత స్వయంవరంలోని చీరలు. వీరభద్రుడిని ఆఖరున చూడాలి, అప్పుడు కూడా పాదాల నుంచి పైకి.